అప్పుల చమురు కంపెనీలో చిన్న వాటాదారు: మూడోవంతు కొలతపై ఒక విమర్శ

కంపెనీల వాటాలు కొనడం ధర్మసమ్మతమా, కాదా అన్న విషయమై ముస్లిం ధర్మవేత్తలు దశాబ్దాలుగా చర్చిస్తూ వచ్చారు. ఆ చర్చ నుండి కొన్ని కొలతలు పుట్టాయి. ఆ కొలతల నుండి జాబితాలు పుట్టాయి. ఇవాళ బందరులో రోల్డుగోల్డు వ్యాపారం చేసుకునే వ్యక్తి అయినా, గల్ఫులో పనిచేస్తూ గుడివాడలోని ఇంటికి సొమ్ము పంపే యువకుడైనా, నాలుగు డబ్బులు వాటాల్లో పెట్టదలిస్తే ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఈ కంపెనీ హలాల్ జాబితాలో ఉందా? ఉందంటే కొంటాడు, లేదంటే మానుకుంటాడు. అలా అడగడం మంచిదే. అడగని వారికంటే అడిగిన వారు మేలు. అయితే విచారణ అంతటితో ముగిసిందని భావించడం సరికాదు.

ఎందుకంటే ఆ జాబితా ఒక కంపెనీ తన పేరు మీద ఎంత అప్పు చేసిందో మాత్రమే చెబుతుంది. ఆ కంపెనీని ఏలే పెద్ద వాటాదారు ఎంత అప్పులో ఉన్నాడో చెప్పదు. కంపెనీ సొమ్ము ఏ దారిన ఎటు పోతున్నదో చెప్పదు. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పిచ్చినవాడు తన భాగం తీసుకున్న తరువాత చిన్న వాటాదారుకు మిగిలేదేమిటో చెప్పదు. ఈ లోపం ఏ వ్యాపారంలోనైనా ప్రమాదకరమే గాని, చమురు వ్యాపారంలో మరింత ప్రమాదకరం. దీనికి నిదర్శనం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన దివిసీమలోని నాగాయలంక పేరుతోనే ముడిపడిన ఒక కథ ఉంది. ఆ కథకు ముందు కొలత సంగతి చూద్దాం.

మూడోవంతు ఎక్కడి నుండి వచ్చింది?

వడ్డీ అప్పు ఏ మాత్రం ఉన్న కంపెనీలోనైనా వాటా తీసుకోరాదన్నది ఒక అభిప్రాయం. 1992లో జిద్దాలో జరిగిన ఏడవ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ దాదాపు ఈ మాటే తీర్మానించింది. ప్రధాన వ్యాపారం ధర్మసమ్మతమైనదే అయినా, అప్పుడప్పుడు వడ్డీ లావాదేవీలు చేసే కంపెనీల వాటాల విషయంలో మూలసూత్రం నిషేధమేనని పేర్కొన్నది. కాని నేటి ప్రపంచంలో వడ్డీ నీడ సోకని కంపెనీ దొరకడం అరుదు గనుక, మరికొందరు ధర్మవేత్తలు కొన్ని షరతులతో సడలింపు ఇచ్చారు. ఆ సడలింపుకు హద్దుగా అంకెలు వచ్చాయి. 1999లో మొదలైన డౌజోన్స్ ఇస్లామీ సూచీ, కంపెనీ అప్పు దాని బజారు విలువలో 33 శాతం దాటరాదన్నది. ఆ బజారు విలువను 24 నెలల సగటుగా లెక్కిస్తారు. బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ 30 శాతం అన్నది. మరికొన్ని సూచీలు బజారు విలువకు బదులు మొత్తం ఆస్తుల విలువలో మూడోవంతు అన్నాయి.

ఈ మూడోవంతుకు ఆధారంగా సాధారణంగా చూపేది హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వీలునామాకు సంబంధించిన హదీసు. తీవ్ర అస్వస్థతలో ఉన్న ఆయన తన ఆస్తిని దానంగా రాసివేయాలనుకున్నారు. దైవప్రవక్త (స) అంతా వద్దన్నారు, సగం కూడా వద్దన్నారు. మూడోవంతుకు అనుమతిస్తూ, అది కూడా ఎక్కువేనని తెలిపారు. వారసులను ఇతరుల ముందు చేయి చాచేవారిగా విడిచి పోవడంకంటే కలిగినవారిగా విడిచి పోవడం మేలని కారణం కూడా వివరించారు.

ఈ హదీసు సందర్భాన్ని పాఠకులు శ్రద్ధగా గమనించాలి. అది అప్పు గూర్చి చెప్పినది కాదు, వీలునామా గూర్చి చెప్పినది. దాన్ని కంపెనీ అప్పుకు అన్వయించడం ధర్మవేత్తల ఊహతో చేసిన పనేనని, స్పష్టమైన ఆదేశం కాదని ఆ అన్వయం చేసినవారే ఒప్పుకున్నారు. అందులో తప్పు లేదు. కాని హదీసులోని హద్దు ఎవరి కోసం పెట్టబడింది? ఆస్తిపై అధికారం ఉన్నవాడు తన ఇష్టం వచ్చినట్టు దాన్ని మళ్ళించకుండా, నోరు లేని హక్కుదారు భాగం కాపాడడం కోసం. నేటి జల్లెడలు ఆ హదీసులోని అంకెను తీసుకున్నాయి. ఆ అంకె కాపాడదలచిన మనిషిని వదలివేశాయి. ఈ వ్యాసంలోని విమర్శకంతటికీ మూలం ఇదే.

చమురు వాటాకు విలువ కట్టే విధం

చమురు కంపెనీ వాటా విలువ ఎంత అన్న ప్రశ్నకు జవాబు పైకి సులభంగానే కనిపిస్తుంది. భూమిలో తీయదగిన చమురు ఎన్ని పీపాలుందో అంచనా కట్టాలి. ఒక్కొక్క పీపాకు వచ్చే ధర నుండి తీసే ఖర్చు, ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీ, పన్నులు తీసివేయాలి. మిగిలేది ఈ రోజే రాదు, పది పదిహేనేళ్ళలో వస్తుంది గనుక ఆ మేరకు తగ్గించి చూడాలి. ఇలా తగ్గించి చూడడం వడ్డీ కాదా అని కొందరు సందేహిస్తారు. అప్పిచ్చిన సొమ్ముపై షరతుగా అదనం పుచ్చుకోవడం రిబా. రేపు రాబోయే ఆదాయానికి ఈ రోజు ఎంత ధర పెట్టవచ్చో అంచనా వేసుకోవడం బేరగాని వివేకం. వాయిదా మీద అమ్మే సరుకుకు నగదు ధరకంటే ఎక్కువ ధర చెప్పడాన్ని అత్యధిక ధర్మవేత్తలు సమ్మతించినది కూడా ఈ భేదం వల్లనే.

ఈ లెక్కలో అప్పు ఏం చేస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక కంపెనీ చమురు క్షేత్రం విలువ 1,000 కోట్ల రూపాయలనుకోండి. వాటాలు 10 కోట్లు. అప్పు లేకపోతే ఒక్కొక్క వాటా విలువ 100 రూపాయలు. చమురు ధర పీపాకు 80 డాలర్లు, ఖర్చులన్నీ కలిపి 40 డాలర్లు, మిగులు 40 డాలర్లు. ఇప్పుడు ధర అయిదోవంతు పడి 64 డాలర్లయిందనుకోండి. ఖర్చు తగ్గదు గనుక మిగులు 24 డాలర్లు. అంటే క్షేత్రం విలువ 600 కోట్లకు దిగుతుంది. వాటా విలువ 60 రూపాయలవుతుంది. బాధాకరమే గాని వాటాదారు బతికి ఉన్నాడు.

ఇదే కంపెనీకి 600 కోట్ల అప్పు ఉందనుకోండి. మొదట క్షేత్రం విలువ 1,000 కోట్లు, అందులో 600 కోట్లు ఋణదాతలవి. వాటాదారులకు మిగిలేది 400 కోట్లు, వాటాకు 40 రూపాయలు. చమురు ధర అయిదోవంతు పడగానే క్షేత్రం విలువ 600 కోట్లవుతుంది. ఋణదాత బాకీ మాత్రం 600 కోట్లే. వాటాదారుకు మిగిలింది సున్న. బావి అదే, చమురు అదే, ధర తగ్గింది అయిదోవంతే. పోయింది మాత్రం వాటాదారు సొమ్ము సర్వం.

అయిదోవంతు పడడం చమురు ధరకు వింత కాదు. బ్రెంటు రకం చమురు 2008 జులైలో పీపాకు 147 డాలర్ల దరిదాపుకు పోయి, అదే ఏడు డిసెంబరులో 40 డాలర్లకు దిగువకు వచ్చింది. 2014 జూన్‌లో 115 డాలర్లున్నది 2016 జనవరిలో 30 డాలర్లకు దిగువకు పోయింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు వాయిదా ధర సున్నకంటే కిందికి పోయిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఇలాంటి సరుకును పండించే వ్యాపారంలో అప్పు అంటే వరద కాలువ గట్టు మీద ఇల్లు కట్టినట్టే.

ఇప్పుడు జల్లెడ సంగతి చూడండి. ఒక కంపెనీకి 300 కోట్ల అప్పు ఉంది. బజారు విలువ 1,000 కోట్లు. అప్పు 30 శాతం గనుక జాబితాలో ఉంటుంది. చమురు ధర పెరిగి బజారు ఉత్సాహంలో విలువ 1,500 కోట్లకు పోతే అప్పు 20 శాతంగా కనిపిస్తుంది. ధర పడి విలువ 600 కోట్లయితే అప్పు 50 శాతమై జాబితా నుండి తొలగిపోతుంది. అప్పులో ఒక్క రూపాయి తేడా లేదు. వడ్డీలో ఒక్క రూపాయి తేడా లేదు. బజారు సంతోషించినప్పుడు హలాల్, బజారు భయపడినప్పుడు హరామ్ అయింది. పైగా జాబితాను నమ్ముకున్నవాడు ధర హెచ్చుగా ఉన్నప్పుడు కొని, పడిపోయినప్పుడు అమ్మవలసి వస్తుంది. రెండేళ్ళ సగటు తీసుకుంటే ఈ ఊగిసలాట కొంత నెమ్మదిస్తుంది గాని మాయం కాదు. ఆస్తుల విలువతో పోల్చే పద్ధతి ఈ విషయంలో కొంత మెరుగు. అయినా లెక్కల పుస్తకంలోని ఆస్తి విలువ కూడా చమురు ధరను బట్టి రద్దుచేయబడేదే.

నాగాయలంక బావి, లండను అప్పు

ఇక అసలు కథ. కృష్ణా జిల్లాలో 2003/1 అనే సంఖ్య గల చమురు అన్వేషణ బ్లాకులో కెయిర్న్ ఇండియా కంపెనీకి 49 శాతం, ప్రభుత్వరంగ ఓ.ఎన్.జి.సి.కి 51 శాతం భాగం ఉండేది. 2011లో నాగాయలంక వద్ద, 2012లో దానికి ఆగ్నేయంగా మరోచోట కెయిర్న్ చమురు కనుగొన్నది. బావుల నిర్వహణ తరువాత ఓ.ఎన్.జి.సి. చేతికి వచ్చింది. గోదావరి తీరానికి ఆవల సముద్రంలోని రవ్వ క్షేత్రం కూడా కెయిర్న్ నడిపినదే. అయితే ఆ కంపెనీకి సిరులు తెచ్చినది రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రం. అక్కడ 2004లో చమురు కనుగొన్నారు, 2009లో ఉత్పత్తి మొదలయింది. 2006 డిసెంబరులో కెయిర్న్ ఇండియా వాటాలు ఒక్కొక్కటి 160 రూపాయలకు ప్రజలకు అమ్మబడ్డాయి.

2011 డిసెంబరు నాటికి లండనులోని వేదాంత రిసోర్సెస్ కంపెనీ 850 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కెయిర్న్ ఇండియాలో మెజారిటీ వాటా సంపాదించింది. ఇందుకు పెద్ద ఎత్తున అప్పు చేసింది. తరువాతి సంవత్సరాలలో తన కంపెనీలను పునర్వ్యవస్థీకరిస్తూ, కెయిర్న్‌లోని 38.8 శాతం వాటాతో పాటు సుమారు 590 కోట్ల డాలర్ల అప్పును కూడా మన దేశంలోని తన అనుబంధ కంపెనీ నెత్తిన పెట్టింది. అదే నేటి వేదాంత లిమిటెడ్.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ అప్పులో ఒక్క డాలరు కూడా కెయిర్న్ ఇండియా పుస్తకాలలో లేదు. పైగా ఆ కంపెనీ వద్ద నగదు పుష్కలంగా ఉండేది. అప్పు కొలత ఒక్కటే చూచేవారికి అంతకంటే శుభ్రమైన చమురు కంపెనీ దేశంలో కనిపించదు. కాని అప్పు పై అంతస్తులో ఉంది. అక్కడ వడ్డీ వాయిదా తప్పకుండా కట్టవలసి ఉంది. కింది అంతస్తులో నగదు ఉంది. రెంటి తాళం చెవులు ఒకే చేతిలో ఉన్నాయి.

2014 జులైలో సంగతి బయటపడింది. తన గ్రూపులోని మరొక కంపెనీకి 125 కోట్ల డాలర్ల వరకు అప్పు ఇవ్వడానికి కెయిర్న్ ఇండియా ఒప్పుకున్నది. వడ్డీ లండను బ్యాంకుల రేటుకు 3 శాతం అదనం. మరుసటి రోజు షేరు ధర బాగా పడిపోయింది. చిన్న వాటాదారులు, పెట్టుబడి సంస్థలు నిరసించాయి.

దీనిని ధర్మశాస్త్రం దృష్టితో చూడండి. షిర్కత్‌లో భాగస్వామి సాటివారి సొమ్ముకు అమీన్. ఉమ్మడి సొమ్మును సాటి భాగస్వామి అనుమతి లేకుండా అప్పుగా ఇచ్చే హక్కు అతనికి లేదని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. ఇది వడ్డీలేని అప్పుకే వర్తించే నియమం. ఇక్కడ అప్పు, వడ్డీ, పైగా పుచ్చుకున్నది పెద్ద భాగస్వామి ఇంటివారే. చెరువులో అయిదుగురు వాటాదారులుంటే, గట్టు మీద కూర్చున్న పెద్ద వాటాదారు చేపల సొమ్మును తన తమ్ముడికి వడ్డీకిచ్చి, మీకూ వడ్డీలో భాగం వస్తుంది గదా అన్నట్టుంది. ఇలాంటి అప్పును ఆయోఫీ జల్లెడ కూడా పూర్తిగా విస్మరించదు. వడ్డీకిచ్చిన సొమ్ము బజారు విలువలో 30 శాతం మించరాదనీ, అధర్మ ఆదాయం 5 శాతం మించరాదనీ అంటుంది. కాని ఎంత ఇచ్చారని అడుగుతుందే గాని ఎవరికిచ్చారు, ఎవరినడిగి ఇచ్చారు అని అడగదు.

2015 జూన్‌లో కెయిర్న్ ఇండియాను వేదాంత లిమిటెడ్‌లో కలిపివేసే ప్రతిపాదన వచ్చింది. అప్పటికి కెయిర్న్ వద్ద 16 వేల కోట్ల రూపాయలకు పైగా నగదుండేది. బజారులో ఆ కంపెనీ మొత్తం విలువలో ఇది రమారమి సగం. చమురు ధర పడిపోయి ఉన్న సమయం అది. కెయిర్న్ వాటా ఒకటి ఇస్తే వేదాంత వాటా ఒకటి, దానితో పాటు 7.5 శాతం స్థిర రాబడి గల 10 రూపాయల ప్రిఫరెన్సు షేరు ఒకటి ఇస్తామన్నారు. పెద్ద పెట్టుబడి సంస్థలు సుముఖత చూపలేదు. అసంతృప్తి ఏడాదికి పైగా సాగింది. 2016 జులైలో షరతు మార్చి, ఒకటికి బదులు నాలుగు ప్రిఫరెన్సు షేర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ సెప్టెంబరులో వాటాదారులు ఆమోదించారు. 2017 ఏప్రిల్‌లో కెయిర్న్ ఇండియా అనే కంపెనీ లేకుండా పోయింది.

అప్పులేని కంపెనీ అని కొన్న ముస్లిం వాటాదారు స్థితి ఆ ఏప్రిల్‌లో ఏమిటి? తెల్లవారేసరికి అతడు భారీ అప్పున్న కంపెనీలో వాటాదారు. అతని ఖాతాలో స్థిర రాబడి పత్రాలు నాలుగు. లాభనష్టాలతో నిమిత్తం లేకుండా ముందుగా చెల్లింపు పొందే ఇలాంటి ప్రిఫరెన్సు షేర్లను ఆయోఫీ ప్రమాణమే అనుమతించదు. అతను ఏ తప్పూ చేయలేదు. జాబితా చూచే కొన్నాడు. జాబితా అతనికి అబద్ధం చెప్పలేదు. అడగవలసిన ప్రశ్న అడగలేదు, అంతే.

ఒకే వాటా, రెండు విలువలు

ఆ తరువాతి సంఘటనలు కూడా పాఠం చెప్పేవే. 2020 మే నెలలో, చమురు ధర అడుగంటిన రోజుల్లో, వేదాంత యజమానులు ప్రజల వద్ద ఉన్న వాటాలన్నీ తామే కొనివేసి కంపెనీని స్టాకు ఎక్స్ఛేంజి నుండి తప్పిస్తామన్నారు. చెప్పిన ధర 87 రూపాయల 50 పైసలు. అక్టోబరులో వాటాదారుల నుండి ధరలు ఆహ్వానించినప్పుడు జీవిత బీమా సంస్థ అడిగినది 320 రూపాయలు. కావలసినన్ని వాటాలు రానందున ప్రయత్నం విఫలమైంది. కంపెనీ లోపలి సంగతులు బాగా తెలిసినవాడు 87 అన్నాడు. బయటి పెద్ద వాటాదారు 320 అన్నాడు. ఈ రెంటి మధ్య దూరమంతా లెక్కల దోషం కాదు. బేరానికి సమయం ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా విలువలో భాగమేనని అది చూపుతున్నది. అప్పులో ఉన్న యజమాని ధర పడిన రోజు చూచుకొని కొనడానికి వస్తాడు. చిన్న వాటాదారుకు ఆ రోజు ఎన్నుకునే స్వేచ్ఛ లేదు.

2022–23 ఆర్థిక సంవత్సరంలో వేదాంత లిమిటెడ్ వాటాకు 101 రూపాయల 50 పైసల లాభాంశం పంచింది. మొత్తం 37 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ ఒక్క సంవత్సరంలో కంపెనీ నికర అప్పు సుమారు 21 వేల కోట్ల నుండి సుమారు 45 వేల కోట్లకు పెరిగింది. లాభాంశంలో సింహభాగం అప్పులో ఉన్న పై కంపెనీకి చేరింది. ఇందులో మోసం లేదు. చిన్న వాటాదారుకూ వాటాకు అంతే వచ్చింది. చాలామంది సంతోషించారు కూడా. కాని ముజారబత్‌లో ధర్మవేత్తలు ఒక నియమం పెట్టారు. అసలు భద్రంగా ఉన్న తరువాతనే లాభం లాభమనిపించుకుంటుంది. చమురు బావి రోజురోజుకు ఖాళీ అయ్యేది. అందులో నుండి వచ్చే ప్రతి రూపాయిలో కొంత అసలు కరిగి వచ్చినదే. ఒక చేత్తో అప్పు పెంచుతూ మరో చేత్తో పంచిన లాభాంశాన్ని పూర్తి లాభంగా లెక్కించి, దాని ఆధారంగా వాటాకు విలువ కట్టినవాడు తన అసలునే తిరిగి తీసుకొని ఆదాయమని సంబరపడినవాడవుతాడు.

ప్రభుత్వ కంపెనీ అయితే?

ప్రైవేటు యజమానులు అంతే, సర్కారు కంపెనీలో భయం లేదు అనే మాట వినిపిస్తూ ఉంటుంది. గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం కార్పొరేషన్ మన కృష్ణా గోదావరి సముద్ర క్షేత్రంలో 2005లో భారీ గ్యాసు నిల్వ కనుగొన్నామని ప్రకటించింది. ఉత్పత్తి ఆ ఆశలను అందుకోలేదు. అప్పు మాత్రం 20 వేల కోట్ల దరిదాపుకు పెరిగింది. 2017లో ఆ క్షేత్రంలోని 80 శాతం భాగాన్ని ఓ.ఎన్.జి.సి. సుమారు 120 కోట్ల డాలర్లకు కొన్నది. 2018 జనవరిలో ప్రభుత్వం వద్ద ఉన్న హిందుస్థాన్ పెట్రోలియం వాటాలను 36,915 కోట్ల రూపాయలకు కొన్నది. అంతవరకు నగదుతో తులతూగిన ఓ.ఎన్.జి.సి. ఇందుకోసం అప్పు చేయవలసి వచ్చింది. ఈ కొనుగోళ్ళు మంచివా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ చెప్పదలచినదేమంటే, ఖజానా అవసరం గల ప్రభుత్వం కూడా ఏలే వాటాదారే. జల్లెడ అతని అవసరాన్నీ చూడలేదు.

రెండు ఆక్షేపణలు

ఈ విమర్శకు రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: జల్లెడ పని ధర్మాధర్మాలు చెప్పడమే గాని లాభనష్టాలు చెప్పడం కాదు, విలువ కట్టడం వ్యాపారి పని. పైకి ఇది సబబుగానే తోస్తుంది. కాని ఫిఖ్హ్‌లో ఈ రెండూ అంత దూరం కావు. లాభానికి అర్హత బాధ్యత మోయడం వల్లనే వస్తుందన్నది అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలోని హదీసు ఆధారంగా నిలిచిన సూత్రం. బాధ్యత ఎవరిపై ఉంది, లాభం ఎవరికి పోతున్నది అని చూడడం ధర్మాధర్మ విచారణలోనిదే. తనకు తెలియని అప్పు భారం మోస్తూ, ఆ అప్పు ఫలితం మరొకరికి పోతుంటే, ఆ ఒప్పందం ధర్మబద్ధంగా ఉందని అంకె ఒక్కటే ఎలా చెప్పగలదు?

రెండవది: ఇన్ని చిక్కులుంటే 1992 తీర్మానం ప్రకారం వాటాల జోలికే పోకుండా ఉండడం మేలు గదా? వ్యక్తిగతంగా అలా దూరంగా ఉండదలచిన వారి నిష్ఠ గౌరవించదగినదే. కాని బందరు, గుడివాడలలోని మధ్యతరగతి ముస్లిం కుటుంబానికి వడ్డీలేని పొదుపు మార్గాలు ఎన్ని ఉన్నాయి? బంగారం, స్థలం, లేదా తెలిసినవారి వ్యాపారంలో భాగం. మూడవదానిలో ఇలాంటి చిక్కులు కంపెనీలలో కంటే తక్కువేమీ కావు. అక్కడ లెక్కలైనా అచ్చులో దొరకవు. ఉమ్మడి వ్యాపారంలో చిన్న భాగస్వామి తన హక్కు ఎలా కనిపెట్టుకోవాలో నేర్చుకోవడం రెండు చోట్లా అవసరమే.

ఈ తగవు బందరుకు కొత్తది కూడా కాదు. ప్రపంచంలో ప్రజలకు వాటాలు అమ్మిన తొలి కంపెనీలలో 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఒకటి. 1605లో అది గోల్కొండ సుల్తానుల రేవైన మచిలీపట్నంలో కొఠీ తెరిచింది. 1609లో ఇసాక్ లెమేర్ అనే వాటాదారు, కంపెనీ పెద్దలు వాటాదారుల ప్రయోజనం చూడడం లేదని ప్రభుత్వ పెద్దలకు ఫిర్యాదు చేశాడు. పదేళ్ళ తరువాత చూపిస్తామన్న లెక్కలు 1612లో చూపించనే లేదు. బందరు కలంకారీ బట్టల మీద లాభం తీసిన కంపెనీలోనే వాటాదారు గొంతు తొలిసారి వినిపించిందన్న మాట.

ఏం చేయాలి?

అప్పున్న కంపెనీలో వాటాకు సడలింపు ఇచ్చిన వారిలో ప్రముఖులైన ముఫ్తీ తఖీ ఉస్మానీ ఆ సడలింపుకు ఒక షరతు పెట్టారు. కంపెనీ వడ్డీ లావాదేవీలను వాటాదారు వార్షిక సమావేశంలో వ్యతిరేకించాలి. మన దేశంలో ఈ షరతును లాంఛనంగా భావించి వదలివేసినవారే ఎక్కువ. వెయ్యి వాటాల మనిషి మాట ఎవరు వింటారన్నది వారి సమాధానం. కెయిర్న్ కథ దీనికి జవాబిస్తుంది. ఒకటిగా ఉన్న ప్రిఫరెన్సు షేర్లు నాలుగయ్యాయి. అంటే వాటాకు 30 రూపాయలు పెరిగింది. అది యజమాని దయ వల్ల పెరగలేదు. ఇతర వాటాదారులు తల ఊపకపోవడం వల్ల పెరిగింది. నేడు స్టాకు ఎక్స్ఛేంజిలో ఉన్న కంపెనీలలో ఇంటి నుండే ఓటు వేయవచ్చు. యజమానికి సంబంధించిన పెద్ద లావాదేవీలకు ఆమోదం కావలసినప్పుడు సంబంధమున్నవారు అనుకూలంగా ఓటు వేయరాదన్న నిబంధన ఉంది. ఆ షరతును పాటించడానికి ఇంతకంటే అనువైన కాలం లేదు.

అందుచేత చమురు కంపెనీ వాటా కొనదలచినవారు జాబితా చూచిన తరువాత మరి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. చమురు ధర అయిదోవంతు పడితే అప్పు తీర్చగా నాకు మిగిలేదెంత? కంపెనీని ఏలేవానికి కంపెనీ వెలుపల ఎంత అప్పుంది? కంపెనీ సొమ్ము అతని ఇతర సంస్థలకు అప్పుగాగాని, కొనుగోలు రూపంలోగాని పోతున్నదా? పంచుతున్న లాభాంశం బావి నుండి వస్తున్నదా, అప్పు నుండి వస్తున్నదా? ఈ నాలుగింటికీ జవాబులు వార్షిక నివేదికల్లో, స్టాకు ఎక్స్ఛేంజికి ఇచ్చిన ప్రకటనల్లో చాలావరకు దొరుకుతాయి. జవాబు దొరకనప్పుడు దొరకకపోవడమే జవాబుగా తీసుకోవాలి.

జల్లెడలు తయారుచేసే విద్వాంసులకు కూడా ఒక విన్నపం. బజారు విలువను కాకుండా, అప్పు వాయిదాలు చెల్లించగల ఆదాయాన్ని కొలబద్దగా తీసుకోవడం ఆలోచించాలి. ఒక కంపెనీని విడిగా చూడక, దానిని ఏలే గ్రూపు అప్పును కూడా కలిపి చూడాలి. యజమాని సంస్థలకు వాటాదారుల అనుమతి లేకుండా అప్పిచ్చిన కంపెనీని, శాతంతో నిమిత్తం లేకుండా, జాబితా నుండి తొలగించాలి. అప్పుడే మూడోవంతు అన్న మాట, సఅద్ (రజి) వారసుల విషయంలో చేసిన పనినే ఇక్కడ కూడా చేస్తుంది. అంటే సమావేశంలో లేని హక్కుదారు భాగాన్ని కాపాడుతుంది.